మోతికి గొట్టంతో మందు తాపిన కథ

కుందుర్పి బస్టాండు పక్కన ఉమాదేవి టీ కొట్టు. పొద్దున ఏడు కొట్టేసరికి తిప్పేస్వామి ఆడ ఉంటాడు. యాభైయేండ్లు గొర్రెలు మేపి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి, ఇప్పుడు ఆయనకు మిగిలిన పని మాట్లాడేది ఒకటే. ఆ పొద్దు సుంకప్ప వచ్చి బెంచీ మీద కూలబడినాడు. జేబులో మాత్రల అట్ట, చేతిలో చిన్న మందు సీసా.

"ఏమప్పా సుంకప్పా, ఎవురికి బాగలేదు?"

"మా కుక్క చుక్కికి అన్నా. పిడుదులు పట్టి జరం. పశువుల డాక్టరమ్మ మాత్రలు, ఈ నీళ్లమందు ఇచ్చింది. మూడు దినాలాయ, ఒక్కటీ కడుపులో పడలే. కూడు రోంత తింటాది గానీ మాత్ర పెడితే ఉమిసేస్తాది. ఇంగా ఆలస్యం చేస్తే బతకదు అనింది డాక్టరమ్మ. తొమ్మిదేండ్లు ఇంట్లో బిడ్డ మాదిరి తిరిగింది. నాకు దిక్కు తోస్తాలేదు."

"ఇంతేనా! దీనికా నువ్వు ముఖం ఏలాడేసుకోని కూచున్నావు? నా మోతి గుర్తుండాదా నీకు? నల్లమూతిది, చెవి ఒకటి తెగి ఉండె. దానికీ ఇదే జరం వచ్చిందప్పా. మాత్ర నోట్లో పెడితే చెంపలో దాచిపెట్టుకోని, నేను అటు తిరిగినాక మెల్లగా వాకిట్లో ఉమిసి, కాలితో మన్ను కప్పేసేది, అంత తెలివి దానికి. నేనేం చేసినానో తెలుసునా? గొర్రెలకు నట్టల మందు తాపే వెదురుగొట్టం తీసినా. మాత్ర నూరి, నీళ్లలో కలిపి, గొట్టంలో పోసి, మోతి తల పైకెత్తి ఒక్క వంపు వంచినా. గుటుక్కున మింగింది! రెప్ప వేసేలోపల పని అయిపోయింది."

"కరవలేదా?" అన్నాడు ఎర్రన్న. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి.

"కరిచేదా! తోక ఆడించుకుంటా ఇంగో గొట్టం అడిగింది. మరుసటి దినం నేను కండ్లు తెరిస్తే, గొట్టం నోట కరుచుకోని నా మంచం కాడ నిలబడి ఉండాది. అది చూసి మా వీధి కుక్కలు వచ్చినాయి, పక్క వీధివి వచ్చినాయి. రేషను షాపు కాడ మాదిరి వరస. ముసలివాటికి ఒక వరస, పిల్లల తల్లులకు ఒక వరస, నేను పెట్టలేదప్పా, అవే పెట్టుకున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వరస కల్యాణదుర్గం రోడ్డెక్కింది. బస్సు నిలిచిపోయింది, దాంట్లోనూ కుక్కలే. కండక్టరు దిగొచ్చి, 'స్వామీ, ఇవి బ్రహ్మసముద్రం కాడ నీ పేరు చెప్పి ఎక్కినాయి, వీటికి ఏం టికెట్టు కొట్టాల?' అని నన్ను అడుగుతాండాడు. అరటికెట్టు కొట్టు, అవి నిలబడే కదా వచ్చినాయి అన్నా."

"నిలబడితే అరటికెట్టని నా సర్వీసులో ఎప్పుడూ వినలే."

"నువ్వు డ్రైవరువి, నీకేం తెలుస్తాది, గమ్మునుండు. కుక్కలతో అయిపోయింటే బాగుండు. కొండమీది ఎలుగ్గొడ్డు దిగొచ్చింది! ఎవురి చేన్లోనో పచ్చి చెనిక్కాయలు మెక్కి కడుపుబ్బరం. పొట్ట మీద చెయ్యి పెట్టుకోని మా అరుగు మీద కూచునింది. దాని నోటికి వెదురుగొట్టం యాడ చాలుతాది? నా చేన్లో తొమ్మిదినూర్ల అడుగులు వేసినా తేమ కూడా తగలని బోరు ఉండాది కదా, దాని కేసింగు పైపు పీకినా. ఒంటిచేత్తో! ఎలుగ్గొడ్డు నోట్లో పెట్టి బిందెడు మందు వంచినా. అది ఒక్క తేన్పు తేన్చింది చూడు, ఈ బస్టాండు రేకులు లేచిపోయినాయి."

"ఆ రేకులు పోయినేడు గాలికి లేచినాయి మామా," అనింది ఉమాదేవి, గ్లాసులు కడుగుతా.

"గాలి అని మీరు అనుకున్నారమ్మా. సరే, మందు ఇంగా మిగిలింది. పారబోసేకి మనసు రాలే. ఆ ఎండిన బోరు నోరు తెరుచుకోని నన్నే చూస్తాండాది. ఏడేండ్లుగా పాపం గొంతు తడవకుండా పడుండాది. పోసేసినా దాంట్లో! భూమిలోపల గుటుక్ అనింది. ఒకతూరి దగ్గింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నీళ్లు! తాటిచెట్టంత ఎత్తు! మూడు దినాలు పారినాయి. ఈ జిల్లాలో కరువు లేని దినాలంటే ఆ మూడే."

కొట్టు కాడ ఉన్నోళ్లంతా కడుపు పట్టుకోని నగినారు. సుంకప్ప ఒక్కడు నగలేదు. టీ గ్లాసు కింద పెట్టి లేచినాడు.

"ఎలుగ్గొడ్డు సంగతి దేవుడెరుగు గానీ అన్నా, గొట్టం మాట బాగా చెప్పినావు. మా ఇంట్లోనూ ఉండాది, నలభై గొర్రెలకు దాంతోనే తాపుతాము. ఇన్ని దినాలు నాకు తోచలే చూడు. పోయి ఇప్పుడే తాపుతా."

తిప్పేస్వామి చెయ్యి చాపి లేవబోయినాడు. సుంకప్ప అప్పుడే రోడ్డు దాకా పోయినాడు.

"సుంకప్పన్నా, నిలబడు!" అని ఉమాదేవి గట్టిగా అరిచింది. సుంకప్ప వెనక్కి రాగానే ముసలాయన వైపు తిరిగింది. "మామా, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా? నువ్వు గొట్టంతో తాపిన మూడోదినం మోతికి గుంత తవ్వింది మా ఆయనే కదా."

నగు అంతా ఆగిపోయింది. తిప్పేస్వామి తలకాయ వంచుకోని చేతులు చూసుకున్నాడు.

"ఔనప్పా. బస్సు అబద్ధం, ఎలుగ్గొడ్డు అబద్ధం, బోరు అబద్ధం. గొట్టం ఒకటే నిజం. లక్ష గొర్రెలకు తాపిన చెయ్యి ఇది, కుక్క ఏమి పెద్ద విశేషంలే అనుకున్నా. తల పైకెత్తి, దవడ అదిమిపట్టి, ఒక్కసారిగా పోసినా. అది వద్దు వద్దని కాళ్లతో తోసింది. నేను ఇడవలే. దగ్గింది, ముక్కులోనుంచి మందు వచ్చింది. ఆ దినం నుంచి గురగురమని ఊపిరి. మందు కడుపులోకి పోలేదు తాతా, ఊపిరితిత్తుల్లోకి పోయింది అని చెప్పింది డాక్టరమ్మ. జరానికి పోలేదు నా మోతి. నా చేత్తో పోయింది."

సుంకప్పకు కోపం వచ్చింది. "మరి ఏంటికి చెప్తావన్నా ఈ కథ? నేను పోయి నా కుక్కను చంపుకోని ఉంటి కదా!"

"కథలో అయితే అది మింగుతాదప్పా. మింగి, లేచి, తోక ఆడిస్తాది. చెప్పిన ప్రతితూరీ లేస్తాది. అందుకే చెప్తాండా. వినేవాళ్ల ఇంట్లో కూడా ఒక కుక్క ఉంటాదని నాకు తోచలే. తప్పయిపోయింది." టవలు కొనతో కండ్లు ఒత్తుకున్నాడు.

సుంకప్ప మల్ల వచ్చి ఆయన పక్కన కూచున్నాడు. "అయితే ఎట్ల ఇయ్యాల? ఈతూరి నిజం చెప్పు."

"డాక్టరమ్మ నాకు చెప్పింది, అంతా అయిపోయినాక. ముందు ఆయమ్మకు ఫోన్ చేసి, ఈ మాత్ర కూడుతో ఇయ్యొచ్చునా అని అడుగు. ఇయ్యొచ్చు అంటే, ఆరిన సంగటి గోలీ అంత ముద్దలు మూడు చెయ్యి. మొదటిది ఉత్తది పెట్టు, నమ్మకం వస్తాది. రెండోదాంట్లో మాత్ర. మూడోది దానికి కనపడేట్ల పట్టుకుంటే, దాని ఆశకు రెండోది నమలకుండా మింగేస్తాది. మాత్ర ముట్టిన చేత్తో ముద్ద చేయొద్దు, వాసన పసిగడ్తాది."

"నీళ్లమందు?"

"సూది తీసేసిన సిరంజితో, చెంప పక్కనుంచి రోంత రోంత. అది మింగినాకే మల్ల రోంత. తల పైకెత్తొద్దు సుంకప్పా. దగ్గితే ఆపేయి. వద్దంటే ఆపేయి. కొంచేపు దాని పక్కన కూచోని, మల్ల చూడు."

"నువ్వూ రా."

"నేనా? ఈ చేతులతోనా?"

"మూడో ముద్ద పట్టుకునేకి ఒక మనిషి కావల్ల కదా. రా అన్నా."

ఇద్దరూ బండెక్కి పోయినారు.

మరుసటి పొద్దున తిప్పేస్వామి వచ్చేసరికి కొట్టు కాడ అందరూ ఎదురుచూస్తాండారు. ఎర్రన్న ఆగలేక, "ఏమైంది అప్పా, చెప్పు!" అన్నాడు.

"మొదటితూరి ఉమిసింది. రెండోతూరి మింగింది."

ఇంగా ఏదో వస్తాదని అందరూ ఆయన ముఖమే చూస్తాండారు. ఉమాదేవి కూడా గరిటె పట్టుకోని నిలబడింది.

"అంతేనా?" అన్నాడు ఎర్రన్న.

"అంతే. మింగింది."