గువ్వలపెంటకు మేనమామలు వచ్చిన కథ

ఓబుళమ్మ అని ఒకామె ఉండె గువ్వలపెంటలో. కూతురి పెండ్లి పెట్టుకోని, మేనమామ కోసం కాలికి బలపం కట్టుకోని తిరిగిన మనిషి. నవ్వొద్దండి, నిజంగానే. మేనమామ ఏమన్నా సంతలో దొరికే సరుకా అని మీరు అనుకోవచ్చు. మనకేమప్పా, మన ఊర్లో రాయి విసిరితే ఎవరో ఒక మామకు తగులుతాది. గువ్వలపెంటలో మాత్రం ఆ యేటికి మేనమామ అనిపించుకునేటోడు, ఒక ముసలాయన తప్ప, ఒక్కడు గూడ లేడంట. ఎందుకు లేడో చెప్పల్లంటే వాళ్ల తాతల కాలానికి పోవల్ల. రండి, పోయొద్దాం.

తాతల కాలంలో ఆ ఊరు కిటకిటలాడేదంట. ఎనిమిది ఇరవైల పొయ్యిలు, అంటే నూట అరవై ఇండ్లనుకో, ఒక్కో పొయ్యి కాడ పదీ పన్నెండు మంది. మంచాలు చాలక వంతులేసుకోని పండుకునేటోళ్లంట. బావి కాడ ఒకామె కడవ పెట్టిపోతే, వంతు వచ్చేసరికి ఆమె మనవరాలు వచ్చి నీళ్లు తోడుకునేదంట. నేను రవ్వంత ఎక్కువ చెప్తాండానేమో గాని, ఇరుకు మాత్రం నిజం. అట్లాంటి ఊర్లో ఏమైందంటే, వరసగా రెండేండ్లు వాన రాలేదు. జొన్న గింజ లేదు, గంజికి గతి లేదు. అప్పుడు పెద్దోళ్లంతా గంగమ్మ కాడ కూడి, పసుపు నీళ్లు ముట్టి ఒట్టు పెట్టుకున్నారంట. ఇకమీదట ఇంటికి ఒక్క బిడ్డే. రెండో బిడ్డను కన్నోళ్ల పొయ్యి మీద గంగమ్మ నీళ్లు పోస్తాది, అని. ఆ ఒట్టు ఎట్ల నిలబెట్టుకున్నారని నన్ను అడగొద్దు, ఈడ చిన్న పిల్లోళ్లు కూర్చోనుండారు. నిలబెట్టుకున్నారు, అంతే.

మొదట్లో బాగానే ఉండెనంట. ఒక్క బిడ్డ కదా, మామిడిపండు చీల్చకుండా మొత్తం వానికే. చేనికి గట్లు పెట్టి పంచే పని లేదు. తల్లి ఒకతట్టు, అవ్వ ఒకతట్టు, ఇంకో అవ్వ ఇంకో తట్టు నిలబడి, చెట్టెక్కొద్దు నాయనా, వాగులో దిగొద్దు నాయనా అని కాపలా. అయితే ఏమైందంటే, ఈ ఇంటి ఒక్క పిల్లోడు, ఆ ఇంటి ఒక్క పిల్ల పెండ్లి చేసుకుంటే రెండు పొయ్యిలు కలిసి ఒక పొయ్యి అయింది. ఇది ఎవరికీ తట్టలేదు చూడు! నూట అరవై ఎనభై అయింది, ఎనభై నలభై అయింది, ఓబుళమ్మ కాలానికి ఇరవై పొయ్యిల్లో పొగ లేస్తే గొప్ప. అందరూ ఒంటికాయ శొంఠికొమ్ములే. కోలాటం ఆడాలంటే జతలు చాలక, ఒకామె గుంజకు కట్టె తగిలించుకోని ఆడేదంట. పిల్లోళ్లకు కొట్లాడుకోను గూడ ఎవరూ లేరు. పెండ్లిలో మరదలు లేదు, కాళ్లు తొక్కేది లేదు, చెప్పులు దాచిపెట్టేది లేదు. పెండ్లికొడుకు తన చెప్పులు తానే దాచుకోని తానే వెతుక్కున్నాడంట ఒకసారి, ముచ్చట తీరక. చినాయన లేడు, మేనత్త లేదు, మేనమామ లేడు. అమ్మకు తోడబుట్టినోడు ఉంటే కదా మామ అయ్యేది. అమ్మ ఒకతే, అమ్మమ్మ ఒకతే.

ఇప్పుడు ఓబుళమ్మ కాడికి వద్దాం. ఆమెకు నలభై ఏండ్లు, మొగుడు పుల్లన్న, మెత్తని మనిషి. ఒకతే కూతురు, సుంకులు. ఏటికి ఆవల రాళ్లచెలిమ అనే ఊర్లో చెన్నప్ప అనే పిల్లోనికి ఇచ్చి చేసేదానికి మాట అనుకున్నారు. పిల్లోడు బంగారం. పిల్లకు గూడ వాడంటే ఇష్టం, వాని పేరెత్తితే చాట కింద పడేస్తాదంట. అంతా కుదిరినాక, పిల్లోని నాయన నాగప్ప పోతా పోతా గడప కాడ నిలబడి ఒక మాట అన్నాడంట. మా వంశంలో పెండ్లికూతురు గంపలో వస్తాది, మేనమామ ఎత్తుకోని తెస్తాడు, మీ బామ్మర్దికి ముందే చెప్పుకోండి, అని. మాకు బామ్మర్ది లేడే అన్నాడు పుల్లన్న. అయితే ఎవరైనా ఎత్తుకుంటారులే అంటాడనుకున్నారు. అనలేదు. "మేనమామ లేని పిల్ల అంటే అడిగేటోడు లేని పిల్ల. రేపు మా ఇంట్లో దానికి కష్టమొస్తే ఎవరొచ్చి అడుగుతారు? మామ లేకుంటే ఈ పెండ్లి లేదు" అనేసినాడంట. అది మంచికి అన్నాడో బిగువుకు అన్నాడో, వానికే తెలియల్ల. ముహూర్తం తొమ్మిది దినాలుంది. సుంకులు ఇంట్లోకి పోయి తలుపేసుకునింది.

పుల్లన్న పాపం, నేనే ఎత్తుకుంటాను, నాయననూ నేనే మామనూ నేనే అన్నాడంట. కన్యాదానం చేసి ఇచ్చేటోడివి నువ్వే, ఎత్తుకొచ్చేటోడివీ నువ్వే అయితే, ఇంక పెండ్లికూతురుగా గూడ నువ్వే కూర్చో అనింది ఓబుళమ్మ. ఊర్లో మేనమామ అనిపించుకున్నోడు ఒక్క తిప్పయ్యే మిగిలినాడని చెప్పినా కదా, ఆయన తొంభై ఏండ్ల ముసలాయన, ఒట్టుకు ముందు పుట్టినోడు, అందుకే ఆయనకు ఒక చెల్లెలు ఉండె. ఓబుళమ్మ పోయి అడిగితే, ఓ దానికేమి, ఎత్తుకుంటా అని లేచి, సగం లేచి, మళ్లా కూర్చున్నాడంట. గంపలో ఆయన్ను పెట్టి సుంకులు ఎత్తుకోవల్ల, అంతే కుదిరేది. అప్పుడు ఆ ముసలాయనే చెప్పినాడు, కొండకు ఆ పక్క చీమలపల్లె ఉంది పోమ్మా, ఆడ మనుషులు ఎక్కువై తొక్కుకుంటాండారు, ఎవరో ఒకరు దొరుకుతారు, అని.

చీమలపల్లె పేరుకు తగిన ఊరే. ఓబుళమ్మ ఊర్లోకి అడుగు పెడ్తే ముందుకు పోను సందు లేదంట. అడిగి అడిగి ఈరమ్మ ఇంటికి పోయింది. ఈరమ్మకు పదకొండు మంది కొడుకులు. పేర్లు పెట్టి పిలిస్తే తడబాటు అయితాదని అంకెలతోనే పిలిచేదంట. ఒరే ఆరోవాడా నీళ్లు తేరా, తొమ్మిదోవాన్ని లేపరా, అని. తళ్లెలు నాలుగే, కొడుకులే మూడు పంక్తులుగా తింటారు. పెద్దోళ్లు నలుగురికి పెండ్లయింది, కింది ఏడుమందికి పిల్లను తెస్తే చాప పరచను చోటు లేక అట్లనే ఉండారు. ఓబుళమ్మ పోయి, అమ్మా, నాకొక తోడబుట్టినోడు కావల్ల అనిందంట. ఈరమ్మ సంగటి గెలుకుతా, తల గూడ ఎత్తకుండా, ఏ అంకె కావల్ల, ఎన్ని దినాలకు, అని అడిగింది, మనం పక్కింట్లో చాట అడిగితే అంటారు చూడు, అట్ల.

అప్పుడు ఓబుళమ్మ కింద కూర్చోని ఉన్నదంతా చెప్పుకునింది. ఒట్టు, ఊరు, గంప, నాగప్ప, తలుపేసుకున్న కూతురు, అంతా. చెప్పి చెప్పి, మనసులో ఉన్న మాట ఆపుకోలేక, ఇంతమందిని ఎందుకు కన్నావమ్మా, మా ఊర్లో ఒక్కరికే భయపడిపోతిమి, అని అడిగేసింది. ఈరమ్మ తెడ్డు పక్కన పెట్టిందంట. "ఒక్క ఆడబిడ్డ కోసం కంటిని. ప్రతిసారీ ఈసారి ఆడపిల్లే అనుకుంటి. రవికె గుడ్డ తెచ్చిపెట్టుకుంటి. మగోడు పుట్టె, మళ్లా మగోడు పుట్టె. పదకొండు రవికె గుడ్డలు పెట్టెలో ఉండాయి, పెట్టను కూతురు లేదు" అనిందంట. తర్వాత ఈరమ్మ లెక్క చూసుకున్నట్టు వేళ్లు మడిచి, "మూడోవానికీ నాలుగోవానికీ నడుమ నాలుగేండ్లు ఎడముంది. నువ్వు ఆ నడుమ పుట్టినావనుకుంటా. ముగ్గురు అన్నలు, ఎనిమిది మంది తమ్ముండ్లు. చాలునా?" అనింది. అని పెట్టె తీసి, పసుపు కుంకుమ పెట్టి, పదకొండు రవికె గుడ్డలూ ఆమె ఒళ్లో పోసింది. నలభై ఏండ్ల మనిషి, కూతురి పెండ్లి పెట్టుకున్న మనిషి, పుట్టింటికి వచ్చిన చిన్నపిల్ల మాదిరి ఏడ్చిందంట. ఉండండి, కొన్ని నీళ్లు తాగుతా.

ఆ. ఇంక ఒకన్నే పంపిస్తే కుదురుతాదా, మీరే చెప్పండి. మేనకోడలి పెండ్లికి పిలవని మామ ఊరుకుంటాడా, జన్మంతా ఆడిపోసుకోడూ! పదకొండు మందీ బయలుదేరినారు. ముందర ఈరమ్మ, నెత్తిన సారె గంప, ఎనక కొడుకులు అంకె ప్రకారం. గువ్వలపెంట పొలిమేర కాడికి వచ్చేసరికి ఊరిపెద్ద బాలన్న అడ్డం నిలబడినాడంట. బాలన్న చెడ్డోడు కాదు, భయస్థుడు. ఒక మామంటే ఏమో అనుకున్నా, ఇదేమి ఓబుళమ్మా దండు తెచ్చినావు, ఈ పొద్దు పదకొండు మంది వస్తారు, రేపు నూరుమంది వస్తారు, మన తాతల కాలం గంజి కరువు మళ్లా తెస్తావా, ఒట్టుండాది కదా అన్నాడంట. ఊర్లో అందరూ ఆయన ఎనక నిలబడినారు. ఓబుళమ్మ కొండ దాటి మామలను తెచ్చింది, ఇప్పుడు పొలిమేర దాటించలేకపోతే ఇంట్లో కూతురికి ఏమి చెప్తాది?

అంతలో తిప్పయ్య కట్టె పట్టుకోని, నిలబడి ఊపిరి తీసుకుంటా, మెల్లగ వచ్చినాడు. ఆయన కోసం అందరూ కాసుకున్నారు. "ఒరే బాలన్నా, ఆ ఒట్టు పెట్టుకున్న దినం నేను ఆడ ఉంటి. పదేండ్లోన్ని. మా నాయన పసుపు నీళ్లు ముట్టింది ఈ కండ్లతో చూసినా. ఆకలికి జడిసి పెట్టుకున్న ఒట్టురా అది. ఆ పొద్దు నోళ్లు లెక్కపెట్టుకున్నాం గాని, భుజాలు లెక్కపెట్టుకోలేదు. ఇప్పుడు గాదె నిండా గింజ ఉంది, దాన్ని దించను మనిషి లేడు. వాళ్లను లోపలికి రానీ" అన్నాడంట. ఆ దినం చూసినోడు ఆయన ఒక్కడే కదా. బాలన్న పక్కకు జరిగినాడు. జరిగి ఊరుకోలేదు, పదకొండోవాన్ని పట్టుకోని, అబ్బీ, నీకు గాదె ఎక్కేది వస్తాదా అని అప్పుడే అడిగేసినాడంట.

పెండ్లి ఎట్ల జరిగిందనుకున్నారు! గంప ఎవరు ఎత్తుకోవల్ల అని పదకొండు మందికీ తగవు. పెద్దోన్ని నేను అని ఒకడు, చిన్నోన్ని నాకు ముద్దు అని ఒకడు. అందరూ తలా కొంచెం దూరం ఎత్తుకుందామనుకున్నారు. ఇంటి నుంచి పందిరికి ముప్పై అడుగులే. అది పదకొండు మందికి ఏమూల చాలుతాది? అందుకని సుంకులును గంపలో కూర్చోబెట్టుకోని ఊరంతా మూడు చుట్లు తిప్పినారు. ఆ పిల్ల గంప అంచు పట్టుకోని, మెల్లగ మామా, మామా పడిపోతా, మామా అటు కాదు పందిరి ఇటు, అంటాందంట. పుట్టి బుద్ధెరిగినాక ఆ మాట నోట పలకని పిల్ల, ఆ పూట వందసార్లు పలికింది, అనేకొద్దీ నవ్వుతాంది. పందిట్లో అయ్యవారు ముహూర్తం ముహూర్తం అని అరుస్తాండాడు. కడాకు వచ్చినారు. వచ్చి గంప దించకుండా, మొదటోడు నాగప్పను అడిగినాడు, ఏమి బావా, మా కోడలిని ఎట్ల చూసుకుంటావు, అని. బాగా చూసుకుంటామప్పా అన్నాడు నాగప్ప. రెండోవాడు అడిగినాడు. మూడోవాడు అడిగినాడు. మామ కావల్లన్నాడు కదా, మామ అంటే అడిగేటోడు అన్నాడు కదా, అడుగుతాండారు మరి! తొమ్మిదోవాడు నోరు తెరిచేలోపలే నాగప్ప, కంటికి రెప్ప మాదిరి చూసుకుంటా, ముందు ఆ గంప దించండి నాయనా అని చేతులెత్తి మొక్కినాడంట. పదోవాడూ పదకొండోవాడూ అయినా అడిగే దించినారు.

పెండ్లయినాక, ఆ పెండ్లి కాని ఏడుమందిలో ముగ్గురు ఆ ఊర్లోనే నిలబడిపోయినారు. ఒంటి ఆడపిల్లలున్న ఇండ్లకు ఇల్లరికం. ఎవరు ఎవరిని ఎంచుకున్నారంటే, ఆ ఆడపిల్లలే ఎంచుకున్నారంట, అంకె చెప్పి. తర్వాత ఒట్టు మార్చుకుందామని గంగమ్మ కాడ మళ్లా కూడినారు. ఇద్దరు చాలని ఒకడు, ముగ్గురని ఒకడు, కొండవతల వాళ్లను చూసి జాగ్రత్తగా ఉండండని బాలన్న. పొద్దున మొదలుపెట్టి మధ్యాన్నం దాకా లెక్కే. కొడుకులను చూసిపోను వచ్చిన ఈరమ్మ, మీరు లెక్కపెట్టుకుంటా ఉండండి, ఆడ అన్నం చల్లారిపోతాంది అనింది. అందరూ లేచి తిననీకి పోయినారు. ఆ పంచాయితీ ఇంతవరకు తెగలేదు.

ఇంక ఓబుళమ్మ. ఉగాది ముందర ఒక పొద్దున వాకిట్లో కల్లాపి చల్లుతాంటే, ఏడోవాడు వచ్చి నిలబడినాడంట. "అక్కా, అమ్మ నిన్ను పండక్కి పిలుచుకరమ్మనింది" అన్నాడు. ఆమె కల్లాపి చెంబు ఆడనే దించేసింది. ఆ ఊర్లో మూడు తరాలుగా ఆడదాన్ని పుట్టింటికి పిలుచుకపోను తోడబుట్టినోడు వచ్చింది లేదు. లోపలికి పోయి, ఆ గుడ్డలతో కుట్టించుకున్న పదకొండు రవికెల్లో మంచిది చూసి తొడుక్కోని, మూట కట్టుకునింది. పుల్లన్న ఎన్ని దినాలకు వస్తావే అని అడిగితే, "నలభై ఏండ్లు చూడని పుట్టిల్లు, నాలుగు దినాల్లో చూసి వచ్చేదా?" అని, ఎనక్కి తిరక్కుండా పోయిందంట. ఇదప్పా కథ. ఇంటికి ఎంతమంది ఉండల్లనేది ఇందులో యాడన్నా ఉందేమోనని వెతకొద్దు, ఆ మూల కాయితం పెట్టుకోని రాసుకుంటాండావే అబ్బీ, లేదు. పుల్లన్న చేసుకున్న సంగటి మాత్రం ఆమె లేని నెల్లాళ్లూ ఒక్క దినం గూడ ముద్ద కాలేదంట, గరిటెతో తాగినాడంట. అది రాసుకో.