‘కనిపించలేదు’ అని రాసిన మనిషి

బావగారూ, మిత్రులారా, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లులారా, తండ్రులారా,

కుర్చీలు చాలక మెట్ల మీద కూడా కూర్చున్నారు. పోయింది మంత్రి కాదు. పిల్లల ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు గుండె స్కానింగు చేసిన టెక్నీషియను. మొన్న మంగళవారం మా అక్క పోయింది. తోడబుట్టింది కాదు. కానీ నా తప్పు నా ముఖం మీదే చెప్పి నా పరువు నిలిపిన మనిషిని ఇంకేమని పిలవను?

ఆసుపత్రిలో ఆవిడ పేరు ‘కనిపించలేదమ్మ’. ఆ పేరు పెట్టింది నేనే. ఎగతాళికి పెట్టాను.

అప్పటికి నేను పిల్లల డాక్టరుగా కొత్త. మూడేళ్ళ పాపను తెచ్చారు. వారంగా జ్వరం, ఎర్రబడ్డ కళ్ళు, పగిలిన పెదాలు. మామూలు జ్వరమే అనుకున్నాను. గుండె మరీ వేగంగా కొట్టుకుంటోందని స్కానింగుకు పంపాను. పాప ఒకటే ఏడుపు. ఏడ్చే పిల్ల గుండె చూడటమంటే పరిగెత్తే బస్సు నంబరు చదవడమే. గుండెకు రక్తం అందించే నాళాలు కనిపించలేదని రాసింది అక్క. నాకు చిర్రెత్తింది. బాగున్నాయని రాసి పంపెయ్యమన్నాను. ఆవిడ గొంతు పెంచలేదు.

“చూస్తే బాగుందంటాను డాక్టరుగారూ. చూడందాన్ని బాగుందని ఎలా రాయను?”

ఆవిడ ఆగింది. భోజనం మానేసి ఆగింది. పాప తల్లి ఒడిలో నిద్రపోయాక, జెల్లీని అరచేతుల్లో వెచ్చబెట్టి, ఒడిలో ఉండగానే చూసింది. నన్ను పిలిపించింది. రెండు మిల్లీమీటర్లు ఉండాల్సిన నాళం ఐదుకు ఉబ్బి ఉంది. ఆ ఉబ్బులో రక్తం గడ్డకడితే పసిపిల్లకైనా గుండెపోటే. అది కవాసాకి అనే జబ్బు. నేను ఇంటికి పంపబోయిన జబ్బు. ఆ సాయంత్రమే నాళాల వాపు తగ్గించే ఇమ్యునోగ్లోబులిన్ మందు ఎక్కించాం, ఆస్పిరిన్ మొదలుపెట్టాం.

తర్వాత ప్రతిసారీ అక్కే కొలిచేది. నాలుగున్నర. నాలుగు. మళ్ళీ నాలుగే. తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, పెరగలేదుగా అమ్మా అని సర్దిచెప్పేది. పద్నాలుగో నెలలో, వరండాలో ఎవరు పరిగెత్తినా గదమాయించే ఆ మనిషి, చెప్పులు గదిలోనే వదిలేసి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. “రెండుంబావు” అంది. అంతే. బల్ల మీద కూలబడింది.

అక్కడితో ఆగిందా? పైవాళ్ళతో రెండేళ్ళు పోట్లాడి మా రిపోర్టు కాగితాన్నే మార్పించింది. ‘బాగుంది’, ‘ఉబ్బింది’ పక్కన మూడో గడి పెట్టించింది: ‘కనిపించలేదు, మళ్ళీ చూడాలి’. ఆ గడి వల్ల మళ్ళీ చూసి పట్టుకున్న పిల్లలు ముప్ఫై ఒక్కరు. చాలామందికి మందులతోనే తగ్గింది. ఇద్దరికి మాత్రం ఆపరేషను చేసి, ఉబ్బిన చోటు దాటేలా రక్తానికి కొత్త దారి వేయాల్సి వచ్చింది. ముప్ఫై ఒక్కరూ బతికారు. మళ్ళీ చెబుతున్నాను, ఒక్కరంటే ఒక్కరు కూడా పోలేదు.

బావగారూ, తల దించుకోకండి. ఏడుపు మనది. గెలుపు ఆవిడది.

ఇక అందరం లేచి రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. పెద్దవాళ్ళం మాత్రమే. పసివాళ్ళు ఊరుకోకపోతే ఎవరూ నోరు నొక్కకండి, బయటికి తీసుకుపోకండి. వాళ్ళ గోల ఈ హాలంతా వినిపించాలి. ఆవిడ పని చేసింది దాని కోసమే.