చౌడు మడి

కరోనా రెండో ఏడు, సూరత్‌లో తాపీ నది గట్టు. మరమగ్గాల మీద పనిచేసి చనిపోయినవాడి అస్థికల కుండ పట్టుకుని అతని తమ్ముడు, పక్కన వదిన మెట్ల మీద నిలబడ్డారు.

“వదినా, అన్నను ఈడ కలపద్దు. ఊరికి తీస్కపోదాం. మన మడిల చల్లుదాం.”

“వద్దు.”

“ఎందుకొద్దు? సాంచల మీద బట్ట నేసి సంపాయించిందంతా ఆ చౌడు నేలకే పెట్టిండు. ఏటేటా జిప్సం చల్లి, నీళ్లు కట్టి బాగుచేసిండు. గడ్డి సుత మొలవని కాడ పోయినేడు వరి పండింది.”

“నాకెరుక లేదా? ఆ జిప్సం బస్తాలు మోసింది నేనే గదా.”

“మరి ఈ తాపీ గంగల కలపమంటవేంది? దవాఖానల ప్లాస్టిక్ చుట్టి ఇచ్చిండ్రు, మొఖం సుత చూడలే. ఆ మట్టిలనన్న మన కండ్ల ముంగట ఉంటడు.”

“గదే మడిల ఒకపారి నేను పొయ్యిల బూడిద పోసిన. మంచి ఎరువే అనుకున్న. మీ అన్న ఉరికొచ్చి తిట్టిండు.”

“ఎందుకు?”

“చౌడు నేలకు బూడిద విషమట. పడితే చౌడు ఇంకింత పెరుగుతదన్నడు. పోసిందంతా నా చేతులతోటే ఎత్తిపిచ్చిండు.”

“పొయ్యిల బూడిద, మా అన్న ఒక్కటేనా వదినా?”

“నాకు కాదు. మట్టికి ఏమెరుక?”

అతను కుండను రెండు చేతులతో దగ్గరికి పట్టుకున్నాడు.

“కుండ ఇటియ్యి మరిదీ. ఇప్పుడు ఆ మడిల పోస్తే, తిట్టనీకి సుత ఆయన లేడు.”