నాలుగో వాక్యం

కొడుకు సరిహద్దులో చనిపోయాడన్న కబురు ఆ టీచరుకు బళ్ళోనే అందింది. అప్పుడామె పిల్లలకు తమ బడి సొంతంగా రాసుకున్న ప్రతిజ్ఞ అర్థం చెబుతూ నాలుగో వాక్యం దగ్గరుంది. సెలవు ముగిసి ఇవాళే వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ ఆమెను తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"కాసేపు కూర్చోవమ్మా. వచ్చిన దగ్గర్నుంచీ లేస్తూనే ఉన్నావు."

"బెల్లు కొడతారు మేడం."

"కొట్టనీ. ఆ పాఠం డ్రాయింగ్ మాస్టారు చూసుకుంటార్లే."

"ఆయనా? ప్రాణమంటే చిలక బొమ్మ గీసి రంగులేయమంటారు."

"హమ్మయ్య, నవ్వావు."

"నవ్వలేదు మేడం. 'నా దేశం కోసం ప్రాణమైనా ఇస్తాను' అని నేను బోర్డు మీద రాసి వెళ్ళానుగా, నేనొచ్చేదాకా పిల్లలు దాన్ని చెరపనివ్వలేదట."

"పోనీ, త్యాగమని ఒక్క ముక్క చెప్పేసి ముందుకెళ్ళిపో."

"మా వాడూ నా క్లాసులోనే చదివాడు."

"తెలుసమ్మా. పొద్దున్నే అందరిచేతా ప్రతిజ్ఞ చెప్పించేది వాడేగా."

"వాడి గొంతు పీలగా ఉండేది. 'గట్టిగా చెప్పరా, వెనకవాళ్ళకి వినపడాలి' అనేదాన్ని."

"ఏ టీచరైనా అదే అంటుంది."

"ఇందాక గేటు దగ్గర ఒక పాప అడిగింది మేడం. 'టీచర్, ఆ వాక్యం మేం కూడా గట్టిగా చెప్పాలా?' అని."

"ఏమన్నావు?"

"క్లాసులో చెబుతానన్నాను."

"ఏం చెబుతావు?"

"బెల్లు కొట్టారు. వెళ్ళొస్తాను మేడం."

పీరియడ్ అయ్యేసరికి ఐదో వాక్యం, ఆరో వాక్యం పూర్తయ్యాయి. నాలుగో వాక్యం అర్థం పిల్లలకు ఇంకా చెప్పలేదు.