నాలుగిళ్ల గేదె

"రేపు మా గ్రూపుకి లోను వస్తోంది అమ్మమ్మా, గేదెని కొంటాను" అంటున్నావా? కొను తల్లీ, కొను. ఆ కుర్చీ ఇటు లాక్కో, మా గేదె సంగతి చెప్తాను.

యుద్ధం రోజులు. అవనిగడ్డ అవతల మా ఊళ్లో పరపతి సంఘం పెట్టారు. పేదల్ని ఉద్ధరించడానికంట! ప్రెసిడెంటు ఎవరనుకున్నావు? పాతికెకరాల ఆసామి. పేదల కష్టం ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది చెప్పు! మీ పెద్దమావయ్య అప్పుడు చంటివాడు, నాకు పాలు పడలేదు. సేరు పాలు రెండణాలు, మీ తాతయ్య కూలేమో... ఆ, నాలుగణాలో ఏదో. బిడ్డ ఏడుస్తుంటే నా ప్రాణం కొట్టుకుపోయేది. అందుకని గేదెకి అరవై, కాదు కాదు, డెబ్భై రూపాయలు అప్పడిగాం. మాతోపాటు ఇంకో ముగ్గురు. వేలిముద్రలు వేయించుకుని, "డబ్బు బందరు నుంచి వస్తుంది" అన్నాడు మహానుభావుడు. వచ్చింది. ఆయన పెట్టెలోకి వచ్చింది.

గేదెల్ని కొన్నామో లేదో చూడ్డానికి ఇన్‌స్పెక్టర్ గారు పడవ దిగారు. మన ప్రెసిడెంటు తక్కువవాడా? తన గేదెనే నాలుగిళ్లకీ తిప్పాడు. ముందు వీధిలో ఇన్‌స్పెక్టర్ గారికి కొబ్బరినీళ్లు తాగిస్తుంటే, వెనక దొడ్ల మీదుగా పాలేరు తోలుకొచ్చి కట్టేసేవాడు. ఒకింట్లో నుదుట బొట్టు, ఇంకోచోట మెళ్లో గంట. నా పెళ్లికి కూడా నాకంత సింగారం చెయ్యలేదు.

"గేదెలన్నీ ఒక్కలాగే ఉన్నాయేమండీ" అని ఇన్‌స్పెక్టర్ గారంటే, "ఒకే సంతలో కొన్నారండీ" అన్నాడు ప్రెసిడెంటు.

చివర మా ఇల్లు. "ఇది మీదేనా అమ్మా?" అన్నారు. మీ తాతయ్య తలొంచుకున్నాడు. లోపల బిడ్డ గుక్కపట్టాడు. నాకు ఒళ్లు మండింది. "మాదేనండీ, రాసుకోండి. దీని దూడే ప్రెసిడెంటు గారి దొడ్లోకి పోయిందండీ. దూడ లేందే ఇది చేపదు, చుక్క పాలు దిగవు. మీ ముందే తోలిస్తే పుణ్యం ఉంటుంది" అన్నాను. కాదంటే గుట్టు బయటపడుతుందాయె! ప్రెసిడెంటే పాలేర్ని పంపాడు. దూడొచ్చి కుమ్మింది, గేదె చేపింది, ఇన్‌స్పెక్టర్ గారి ఎదుటే చెంబు నిండా పితికాను.

సాయంత్రం పాలేరు గేదెని తోలుకెళ్లడానికి వచ్చాడు. "ఇన్‌స్పెక్టర్ గారింకా రేవులోనే ఉన్నారురా, అడిగొస్తానుండు" అన్నాను. వెళ్లినవాడు మళ్లీ రాలేదు.

ఏమాటకామాటే, అప్పు మాత్రం పాలమ్మి దమ్మిడీతో సహా తీర్చాం. మిగతా ముగ్గురూ కంటికి కనపడని గేదెకి రెండేళ్లు వాయిదాలు కట్టారు పాపం. నా గేదె నాకొచ్చింది కదాని నేను నోరు మూసుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుందే. ప్రెసిడెంటు గారి ఫొటో సంఘంలో దండేసి పెట్టారులే, పేదల్ని ఉద్ధరించినందుకు.

నువ్వు చల్లగా ఉండు తల్లీ. డబ్బు చేతిలో పడ్డాకే సంతకం పెట్టు. పక్కవాళ్లకీ పడిందో లేదో చూడు. నేను చూడలేదు...