తేమ పద్దెనిమిది

సర్కారు ధాన్యం కొనే కేంద్రం. కాటా పక్కన బల్ల, బల్ల మీద తేమ చూసే మిషను. అటు గుమాస్తా, ఇటు అతని బామ్మర్ది. బయట ధాన్యం కుప్ప, దాని మీద మబ్బు.

"పద్దెనిమిది. తేమ పదిహేడు దాటితే తీసుకోను. చెప్పానుగా."

"ఇంకోసారి చూడు బావా."

"రెండుసార్లు చూశాగా!"

"నువ్వు చూశావ్. నేను చూళ్లేదు. దాని మొహం ఎప్పుడూ నీ వైపే ఉంటుంది."

"మిషను మొహం ఎటుంటే ఏంట్రా? నీ ధాన్యం పచ్చిగా ఉంది. ఆరబెట్టుకు రా."

"ఎప్పుడు రాను? సాయంత్రానికి మీ కేంద్రమే మూసేస్తున్నారుగా."

"మూస్తే నీకే మంచిది. రేపట్నుంచి కొత్త చట్టం. ఎవడికైనా అమ్ముకో, ఎక్కడైనా అమ్ముకో. స్వేచ్ఛ! రేడియోలో వినలేదా?"

"విన్నా. గంప ఎత్తేసి కోడికి స్వేచ్ఛ ఇచ్చారు. బయట కూర్చున్న నక్క సంగతే చెప్పలేదు."

"నక్కెవడు?"

"ఉన్నదొక్క మిల్లు. ఆ మిల్లాయన అప్పుడే సగం ధర అంటున్నాడు..."

"మెల్లగా మాట్లాడు."

"ఎందుకు మెల్లగా?"

"ఊరికే. వెనకాల జనం ఉన్నారు."

"ఉంటే ఏం? వాళ్లదీ పద్దెనిమిదేగా. పొద్దుట్నుంచి అందరిదీ పద్దెనిమిదే."

"వానలు పడ్డాయి. అందరిదీ తడిసింది."

"నాది తడవలేదు. మంచాలు బయటేసి ఇల్లంతా ఆరబోశాం. పిల్లలు ధాన్యం మీదే పడుకున్నారు. చిన్నదానికి ఒళ్లంతా దద్దుర్లు, గోక్కుని గోక్కుని ఏడుస్తోంది. నీ కోడలేగా బావా!"

"నన్నేం చెయ్యమంటావ్?"

"గింజ కొరికి చూడు. పెళ్లయిన కొత్తలో మా కళ్లంలో కొరికే చెప్పేవాడివి, ఎండిందో లేదో."

"ఇప్పుడు పళ్లు లెక్కలోకి రావురా... అదేంటి, మీ ఆవిడ కుప్ప మీద పడుకుంది?"

"పరదా చాల్లేదు. మిగతాది తను కప్పుతోంది."

"లేవమను. నలుగురూ చూస్తున్నారు."

"చూడనీ. సగం ధరకిస్తే కౌలు తీరదు. తీరకపోతే ఆసామి చేను లాక్కుంటాడు. ఆ చేను లేకపోతే మేం ఏం తిని బతకాలి, ఈ పరదానా?"

"అరవకు. మిల్లాయనతో నేను మాట్లాడతాలే."

"నీ మాట ఆయనెందుకు వింటాడు?"

"వింటాడులే."

"అవునూ, రేపట్నుంచి నీ ఉద్యోగం ఏంటి బావా? అక్కనడిగితే మాట మార్చేసింది."

"ఇప్పుడదెందుకు? జరుగు, వెనకవాళ్లని రానీ."

"జరగను. కాళ్లు పట్టుకుంటా. ఒక్కసారి, ఒకే ఒక్కసారి. ఇదిగో, కుప్ప నడిమిలోంచి గుప్పెడు తెచ్చా."

"చెవిలో జోరీగలా... సరే, పొయ్యి. పోసి మూత వెయ్యి."

"వేశా."

"ఇదిగో. పద్దెనిమిది. చాలా?"

"బావా."

"మళ్లీ ఏంట్రా?"

"మూతే వేశాను. గింజలింకా నా గుప్పిట్లోనే ఉన్నాయి."

"గుప్పిట మూసుకో. మూసుకోరా, నీకు దణ్ణం పెడతాను... రేపు పొద్దున్నే మిల్లుకి తోలుకు రా. నీది మాత్రం ఎండినట్టే చూస్తాలే. అక్కడ కాటా దగ్గర కూడా నేనే ఉంటాను."