అవతలికి వినపడట్లేదట

అట్టపెట్టెలు తయారుచేసే కంపెనీ హెడ్డాఫీసులో, మెట్ల కింద ఫోన్ల గది. ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగి రెండు రోజులైంది. ఫ్యాక్టరీని తమ్ముడికి అప్పగించి కంపెనీ నడిపే అక్క, ఫోన్ల మెకానిక్కుని కుర్చీలో కూలేసి, తను గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అది కాదు మేడమ్, నేను చెప్పేది ఒక్క నిమిషం..."

"నిమిషం లేదు, సెకనూ లేదు. కాగితం నీ ముందుంది, పెన్ను నీ చేతిలో ఉంది. ఫోన్ల పెట్టె చెడిపోయింది, అందుకే మాట అవతలికి వెళ్లలేదు అని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టు. రేపు పొద్దున్నే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ వస్తాడు."

"చెడిపోని పెట్టెని చెడిపోయిందని ఎలా రాయనండీ?"

"చెడిపోలేదా? ఏదీ, మళ్లీ అను."

"చెడిపోలేదండీ."

"మనిషి పాదం పోయింది బాబూ! ఎడమ పాదం. మడమ పైదాకా తీసేశారు. తెలుసా నీకు?"

"తెలుసండీ. నిన్న ఫ్యాక్టరీలో చెప్పారు. పొడుగాయనట కదా..."

"పొడుగు అంటాం అందరం. పద్దెనిమిదేళ్లుగా మా దగ్గరే సరుకు ఎక్కిస్తున్నాడు. ఇందాకే వాళ్లావిడతో మాట్లాడాను. ప్రాణానికి భయం లేదట, లేచి కూర్చున్నాడట, కాఫీ అడిగాడట. తాగి, 'నా చెప్పులేవీ' అన్నాడట. 'జత తేనా, ఒకటే తేనా అమ్మా' అని ఆవిడ నన్ను అడుగుతోంది. నన్ను! ఏం చెప్పమంటావ్? మాట్లాడవేం? మీ పెట్టె మింగినట్టే నువ్వూ మాటలు మింగుతున్నావా?"

"మేడమ్, కోప్పడకండి. మొన్న ఏం జరిగిందో మీ నోటితో ఒక్కసారి చెప్పండి. మా ఆఫీసుకి నేనూ చెప్పుకోవాలి."

"ఎన్నిసార్లు చెప్పాలయ్యా? పదిన్నరకి లిఫ్టు మెకానిక్ ఇక్కడికి వచ్చాడు. ఫ్యాక్టరీలో సరుకు లిఫ్టు చూసొచ్చాడు. ఇనప తాడు పోగులు లేచిపోయాయి, కొత్త తాడు వేసేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వద్దు అన్నాడు. ఆ మాట మీ తమ్ముడుగారికీ చెబుదామంటే ఆయన కనపడలేదండీ అన్నాడు. అతనింకా నా గదిలో ఉండగానే ఫ్యాక్టరీకి ఫోన్ చేశాను. 'మూడంకెలు నొక్కండి చాలు, రెండు ఆఫీసులూ ఒకటే అయిపోతాయి, పక్కగదిలో ఉన్నట్టే మాట్లాడుకోవచ్చు' అని కోతలు కోశావు కదా పెట్టె పెట్టేటప్పుడు? ఆ మూడంకెలే నొక్కాను."

"తమ్ముడుగారే ఎత్తారా?"

"వాడే ఎత్తాడు. 'చిన్నా, లిఫ్టు ఆపేయ్' అన్నాను. 'హలో, హలో, అక్కా, వినపడట్లేదు' అన్నాడు. అరిచాను. ఈ భవనంలో చెవులున్న వాళ్లందరికీ వినపడింది, వాడికి తప్ప. పెట్టేశాడు. మళ్లీ చేశాను. మళ్లీ హలో, హలో. మూడోసారీ అదే తంతు."

"సెల్లుకి చేయలేకపోయారా?"

"ఆ రేకుల షెడ్డులో సెల్లు పలికితే నీ పెట్టె ఎందుకు తెప్పించుకుంటాను? డ్రైవర్ని పంపాను. అతను గేటు దగ్గర హారన్ కొడుతుంటే లోపల తాడు తెగి లిఫ్టు పొడుగు కాలి మీద పడింది. ఇంకేం కావాలి నీకు? రాయి!"

"మేడమ్, ఈ గేట్‌వే, అదే మీరు పెట్టె అంటున్నది, ఏం చేస్తుందంటే, మీ గొంతుని చిన్న చిన్న ముక్కలు చేసి ఇంటర్నెట్లో పంపుతుంది. అవతల ఫ్యాక్టరీలో ఇలాంటిదే ఇంకో పెట్టె ఉంది. అది ఆ ముక్కల్ని అతికించి ఫోన్లో వినిపిస్తుంది."

"ముక్కలు చేసిందనే నేనూ ఏడుస్తున్నాను!"

"వినండి మేడమ్. ఎన్ని ముక్కలు చేరాయో అవతలి పెట్టె తిరిగి మనకి చెప్తుంది. ఇదిగో, ఈ స్క్రీన్ మీద చూడండి. మొన్న పదీ నలభై ఒకటి. ఇక్కడ్నించి వెళ్లినవన్నీ చేరాయి. పదీ నలభై మూడు, చేరాయి. పదీ నలభై ఆరు..."

"తెర మీద నీ ఇష్టమొచ్చిన అంకెలు వేసుకో. మీ కంపెనీ పెట్టె మీ కంపెనీ మీద చాడీలు చెప్తుందా?"

"అందుకే నిన్న స్వయంగా ఫ్యాక్టరీకి వెళ్లానండీ. తమ్ముడుగారి బల్ల మీదున్న ఫోను రిసీవర్ మార్చాను, వైరు మార్చాను. మార్చకముందు కూడా చూశాను. మీ రిసెప్షన్ అమ్మాయిని ఇక్కడ మాట్లాడమని, అవతల వాచ్‌మన్ని వినమన్నాను. 'పక్కన కూర్చుని చెవిలో చెప్తున్నట్టుంది' అన్నాడు."

"అప్పుడు బాగుండి ఉంటుంది. దానికి వేళాపాళా ఏమైనా ఉందా? ఒకోసారి గంటలా మోగుతుంది, ఒకోసారి మింగేస్తుంది. నెల రోజులుగా ఇదే భాగోతం."

"ఏ రోజుల్లో మింగిందో చెప్తారా? చూస్తాను."

"ఏ రోజులంటే... పోయిన సోమవారం. సెలవు రోజు కూడా పనివాళ్లని రమ్మంటున్నావట, వాళ్లకీ పిల్లలున్నారు, మానెయ్ అన్నాను. హలో, హలో."

"ఇంకా?"

"అంతకుముందు వారం. మంటలార్పే సిలిండర్లు పాతబడిపోయాయి, మార్పించావా అన్నాను. వినపడలేదు."

"మరి బాగా వినపడిన రోజులు?"

"బోలెడు. కొత్త కోత మిషను తెప్పించుకోరా అన్నాను, సగం మాటకే వినపడింది. ఆదివారం భోజనానికి రమ్మన్నాను, కూరేమిటని కూడా అడిగాడు. ఏమిటలా చూస్తావ్?"

"ఏం లేదండీ."

"ఏం లేదంటే? నోట్లో పెట్టుకుని నములుతావేం, కక్కు!"

"నేనేమీ అనలేదు మేడమ్."

"అనకుండానే అంటున్నావ్! నా తమ్ముడు నాటకమాడాడంటావ్, అంతేనా? అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్లు. నా చేతి ముద్ద తిని పెరిగాడు. అబద్ధం చెప్తే వాడి చెవులు ఎర్రబడతాయి. చిన్నప్పట్నించీ ఒక్కటి దాచలేకపోయాడు నా దగ్గర."

"ఫోన్లో చెవులు కనపడవు కదండీ."

"నోర్ముయ్!"

"తప్పయింది మేడమ్."

"వినపడనట్టు ఉండాల్సిన ఖర్మ వాడికేం పట్టింది? చెప్పు!"

"మొన్న లోడు ఏమైనా వెళ్లాల్సి ఉందా అండీ?"

"రెండు లారీలు. మధ్యాహ్నంలోపు వెళ్లకపోతే ఆర్డరు రద్దు చేస్తామన్నారు... నీకెందుకవన్నీ? ఫోన్లు బాగుచేసేవాడివి, ఫోన్ల సంగతి చూడు!"

"చూశానండీ. ఫోన్ల సంగతే చెప్తున్నాను."

"నీ ఉద్యోగం ఊడుతుందని భయం నీకు. అంతకంటే ఏం లేదు."

"భయమే. ఈ కాగితం మీద సంతకం పెడితే ఉద్యోగం పోతుంది. పోతే ఇంకోటి వెతుక్కుంటాను. కానీ నేను రాసిస్తే ఏమవుతుందో చూడండి. మావాళ్లు ఈ పెట్టె ఎత్తుకెళ్లి కొత్తది పెడతారు. అందరూ సరే అనుకుంటారు. రేపు మీరు ఇంకేదో ఆపమంటారు. అప్పుడు కూడా హలో, హలో అంటే? అప్పుడు ఎవరి పాదం మేడమ్?"

"నాకు నీతులు చెప్పకు. నా ఇంటి మనిషి గురించి నాకు చెప్పకు. ఇప్పుడే, నీ కళ్లముందే చేస్తాను. స్పీకర్లో పెడతాను. నీ చెవులతో నువ్వే విని, నోరు మూసుకుని సంతకం పెట్టు."

"చేయండి."

"మోగుతోంది... చిన్నా, నేనురా."

"అక్కా! చెప్పక్కా. పొడుగు ఎలా ఉన్నాడు?"

"అది తర్వాత. రేపు ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. ఆ తెగిన తాడు ఎక్కడ పెట్టించావ్? ఎవరూ పారేయకుండా చూడు."

"హలో?"

"తాడు! తెగిన తాడు!"

"హలో... అక్కా? ఏంటి, వినపడట్లేదు."

"విన్నావా బాబూ? విన్నావా? ఇప్పుడేమంటావ్? చూపించు నీ అంకెలు!"

"చూడండి మేడమ్. ఇటు వచ్చి మీరే చూడండి. అన్నీ చేరుతున్నాయి. ఈ క్షణంలో మీరు అరిచింది కూడా."

"హలో? అక్కా? దిక్కుమాలిన ఫోను. హలో?"

"ఒక్కటీ పోలేదా?"

"ఒక్కటీ పోలేదండీ."

"నా మీద ఒట్టేసి చెప్పు."

"ఒట్టెందుకండీ. ఆ ఎర్ర గడి ఖాళీగా ఉంది చూడండి. ఏమైనా పోతే అక్కడ కనపడుతుంది."

"అక్కా, ఏమీ వినపడట్లేదు, పెట్టేస్తున్నా."

"చిన్నా."

"హలో? హలో?"

"పొడుగు పోయాడురా."

"అయ్యో... ఎప్పుడక్కా?"